పదకొండు రోజులు మాయం చేసిన ప్రభువు

శ్రోతలకు నమస్కారం.

1752 సెప్టెంబర్ 2, బుధవారం. ఆ రాత్రి లండన్‌లో జనం ఎప్పటిలాగే పడుకున్నారు. తెల్లారి లేస్తే గురువారమే, కానీ తేదీ మాత్రం 14! మధ్యలో 11 రోజులు గల్లంతు. మన పంచాంగంలో క్షయతిథి వస్తే పోయేది ఒక్క తిథే. వాళ్ళకి ఏకంగా 11 రోజులు.

ఈ పనికి పూనుకున్న పెద్దమనిషి ఫిలిప్ స్టాన్‌హోప్, చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు. 1694లో పుట్టాడు. హేగ్‌లో రాయబారి, ఐర్లండ్‌లో రాజప్రతినిధి, ఆ తర్వాత మంత్రి. పదవుల చిట్టా పెద్దదే, పక్కన పెడదాం.

ఐరోపాలో చాలా దేశాలు 1582లో పోపు గ్రెగొరీ సవరించిన క్యాలెండర్‌కి ఎప్పుడో మారిపోయాయి. ఇంగ్లండ్ మాత్రం పాత లెక్కనే పట్టుకుని కూర్చుంది. అలా 1752 నాటికి కొత్త లెక్క కంటే 11 రోజులు వెనకబడింది. పోపు చెబితే మేం వినాలా అన్న పంతం కూడా అందులో ఉంది. 1751లో, మంత్రి పదవి వదిలేశాక, చెస్టర్‌ఫీల్డ్ ప్రభువుల సభలో బిల్లు పెట్టాడు.

తమాషా ఏమిటంటే, ఆయనకి ఖగోళ గణితం రాదు. రాదని కొడుక్కి రాసిన ఉత్తరంలో ఆయనే ఒప్పుకున్నాడు. చెప్పినా సభకి ఎక్కదనీ తెలుసు. అందుకే లెక్కల జోలికి పోలేదు. ఈజిప్టు కాలం నుంచి క్యాలెండర్ల కథ ఎత్తుకున్నాడు, మధ్యమధ్య పిట్టకథలు వేశాడు. మాట పొందిక, వాక్యం తూగు, గొంతు... శ్రద్ధంతా వాటిమీదే. తర్వాత మాకిల్స్‌ఫీల్డ్ ప్రభువు లేచాడు. ఆయన అసలైన గణితవేత్త, బిల్లు తయారీలో ఆయన పాత్ర పెద్దది. విషయమంతా విడమరిచి చెప్పాడు. మెప్పు ఎవరికి దక్కింది? లెక్కలు రాని చెస్టర్‌ఫీల్డ్‌కి! అది న్యాయం కాదని కూడా ఆయనే రాశాడు. మైకు ముందు మాట్లాడే నాలాంటివాళ్ళకి ఆ ఉత్తరం కాస్త గుచ్చుకుంటుంది. నా ఓటు మాత్రం మాకిల్స్‌ఫీల్డ్‌కే.

మా 11 రోజులు మాకిచ్చేయండని జనం అల్లర్లు చేశారని చెబుతుంటారు. దానికి గట్టి ఆధారం లేదంటారు చరిత్రకారులు.

ఊరి చరిత్ర రాసేవాళ్ళకి ఒక్క మాట. ఇంగ్లండ్‌లో అంతకుముందు చట్టరీత్యా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. జనవరి 1కి మార్చింది ఈ చట్టమే. కాబట్టి మచిలీపట్నంలో ఇంగ్లిషు కంపెనీవాళ్ళు రాసిన పాత ఉత్తరం మీద 1680 ఫిబ్రవరి అని ఉంటే, మన లెక్కలో అది 1681 కావచ్చు. అదే రేవులో ఉన్న డచ్చివాళ్ళది కొత్త క్యాలెండర్. ఒకే ఊళ్ళో, ఒకే రోజున రాసిన రెండు ఉత్తరాల తేదీల్లో 10 రోజుల తేడా! (ఆ తేడా 11 అయింది 1700 నుంచే.) పుస్తకాల్లో 1680/81 అని ఎక్కడైనా కనిపిస్తే అచ్చుతప్పు అనుకుని దిద్దకండి. రెండు సంవత్సరాలూ అలాగే ఎత్తి రాసుకోండి.