చేతులు రుద్దుకునే ఇరవై సెకన్లు

నమస్కారమండీ. నర్సింగ్‌లో నీతి అనగానే చాలామందికి పెద్ద పెద్ద విషయాలు తోస్తాయి, నాకు మాత్రం ఒక నైట్ డ్యూటీ, ఒక బీపీ మాత్ర గుర్తొస్తాయి.

అప్పటికి నేను చేరి రెండేళ్ళు. మందుల ట్రాలీ తోసుకుంటూ వెళ్తున్నా, ఒక పేషెంట్ తాలూకు అబ్బాయి అందరి ముందూ అరిచాడు, సెలైన్ అయిపోయి ఎంతసేపైంది మీకు పట్టదా అని. నేనేం అనలేదు, బాటిల్ మార్చేసి వచ్చేశా, కానీ కోపం పోలేదు, చేతుల్లోకి దిగింది. అదే విసురులో తొమ్మిదో బెడ్ వాళ్ళ బీపీ మాత్ర ఆరో బెడ్ పెద్దావిడకి ఇచ్చేశా. సరైన పేషెంట్, సరైన మందు, డోసు, రూటు (అంటే నోటితోనా, ఇంజెక్షనా అని), టైము, ఈ ఐదూ నిద్రలో లేపి అడిగినా చెప్తాను, అయినా పేరు రాసి ఉండే ఆవిడ చేతి బ్యాండు చదవలేదు.

తొమ్మిదో బెడ్ దగ్గరికెళ్ళాక తెలిసింది. గుండె ఝల్లుమంది. ఎవరూ చూడలేదు. ఏం కాదులే, ఎవరూ చూడలేదు అని లోపల ఒకటే గొణుగుడు, అది నా భయం మాట్లాడుతోందని తెలియడానికి రెండు నిమిషాలు పట్టింది. డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేశా, పదిహేను నిమిషాలకోసారి బీపీ చూశాం, జరిగిన పొరపాటు ఇన్సిడెంట్ రిపోర్ట్‌లో రాశా. ఆవిడకి చెప్పడమే కష్టమైంది. "అమ్మా, మీది కాని మాత్ర ఇచ్చాను, నా పొరపాటే" అంటే కాసేపు నా మొహం చూసి, "మరి నాకేమవుతుంది తల్లీ" అంది. "బీపీ తగ్గచ్చమ్మా, లేవద్దు, నేనిక్కడే ఉంటా" అన్నా. తెల్లారేసరికి పై బీపీ 110 దగ్గర నిలబడింది.

మా ఇన్‌చార్జ్ సిస్టర్ తిట్టలేదు, ఎలా జరిగిందని అడిగింది. రాసిన మనిషినే తిట్టే చోట ఇంకోసారి ఎవరు రాస్తారు చెప్పండి.

నీతి నియమాలు మాకు కొత్త కాదు, ఇంటర్నేషనల్ కౌన్సిల్ ఆఫ్ నర్సెస్ 1953లోనే నియమావళి తెచ్చింది. ఆ రాత్రి పొరపాటు జరిగింది నాకు రూల్ తెలియక కాదు, కోపంగా ఉన్నానని నాకే తెలియక. 1990లో సాలవే, మేయర్ అనే సైకాలజిస్టులు ఎమోషనల్ ఇంటెలిజెన్స్, అంటే భావాలను అర్థం చేసుకుని నడుపుకునే తెలివి గురించి రాస్తూ మొదలుపెట్టింది కూడా అక్కడే, తనలోనూ ఎదుటివాళ్ళలోనూ ఏ భావం ఉందో గుర్తుపట్టడం దగ్గర.

అందుకని ఒక్కటే చెప్తా. పేషెంట్‌ని ముట్టుకునే ముందు శానిటైజర్‌తో 20 నుంచి 30 సెకన్లు చేతులు రుద్దుకుంటాం కదా, ఎలాగూ ఆగే టైమే అది. ఆ కాసేపట్లో నన్ను నేనే అడుగుతా, ఇప్పుడు లోపల ఏముంది, కోపమా, భయమా, ఉత్త అలసటా? పేరు పెడతా, అంతే. కోపం అని తేలిందా, ఆ బెడ్ దగ్గర బ్యాండు రెండుసార్లు చదువుతా, పేరు పేషెంట్ నోటితోనే చెప్పించుకుని అప్పుడు మాత్ర చేతిలో పెడతా.