తడిపిన పీట్ నేల చెరువైతే మీథేన్ మాటేమిటి?

సంధానకర్త: ఈశాన్య జర్మనీలోని పీనె లోయలో, పచ్చిక కోసం ఎండగట్టిన పీట్ నేలల్ని మళ్లీ తడుపుతున్నారు. మేలు చేయాల్సిన పని భూమిని వేడెక్కించే మీథేన్ వాయువును ఎందుకు పెంచింది?

నేల శాస్త్రవేత్త: పీట్ అంటే నీళ్లలో పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న మొక్కల పొర. నీరు తోడేస్తే గాలి తగిలి కుళ్లి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, నేల కుంగుతుంది. ఆ లోయలోని జార్నెకోవ్‌లో నేల నది మట్టం కంటే కిందికి దిగిపోయింది. అందుకే 2004-05 చలికాలంలో నీళ్లు వదలగానే అది చిత్తడి కాలేదు, లోతులేని చెరువైంది. మునిగిన గడ్డి చచ్చి అడుగున బురదైంది. మీథేన్ ఎక్కువగా ఆ కొత్త బురదదే, పాత పీట్‌ది కాదు. వరిమడిలో కాలు పెడితే బుడగలు లేస్తాయే, అదే తంతు.

సంధానకర్త: కాలం గడిస్తే తగ్గదా?

జలశాస్త్ర నిపుణురాలు: అక్కడ తొమ్మిదో ఏట కూడా ఎక్కువే వచ్చింది. పైగా కొలవడంలోనే పొరపాట్లు జరుగుతాయి. నీటి మీద పెట్టె బోర్లించి కాసేపు కొలిస్తే బుడగలు చిక్కకపోవచ్చు. గాలి పీడనం పడిపోయినప్పుడు అవి ఒక్కసారిగా లేస్తాయి. రాత్రీపగలూ ఆగకుండా కొలిచే టవర్ ఉండాలి.

సంధానకర్త: అయితే తడపకుండా వదిలేయడమే మేలా?

జలశాస్త్ర నిపుణురాలు: ముమ్మాటికీ కాదు. నూరేళ్ల లెక్కన మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే 27 రెట్లు వేడెక్కిస్తుంది, నిజమే. కానీ దాని ఆయుష్షు సుమారు 12 ఏళ్లు. ఎండిన పీట్ వదిలే కార్బన్ డయాక్సైడ్ మాత్రం ఏటికేడు పోగుపడుతూనే ఉంటుంది. ఎండగట్టిన నేలలో నీటిమట్టం 10 సెంటీమీటర్లు పైకి తెచ్చినా హెక్టారుకు ఏటా కనీసం 3 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారం తగ్గుతుంది. మట్టం పైకి వచ్చి నేల పైభాగానికి 30 సెంటీమీటర్ల లోతుకు చేరేదాకా ఈ లెక్క నిలుస్తుంది.

సంధానకర్త: మరి ఎలా తడపాలి?

నేల శాస్త్రవేత్త: నీళ్లు వదిలేముందే గడ్డి కోసి బయటికి తరలించాలి. కోసి అక్కడే వదిలితే మీథేన్‌కు మేత వేసినట్టే. తర్వాత కాలువలకు అడ్డుకట్టలు వేసి, నీటిని నేల పైభాగం దాకా తెచ్చి ఆపాలి. ఎరువు పట్టిన పైమట్టిని 20-30 సెంటీమీటర్లు గీకేస్తే మీథేన్ బాగా తగ్గుతుంది.

జలశాస్త్ర నిపుణురాలు: గీకడం దగ్గరే నా అభ్యంతరం. అసలే కుంగిన నేల, గీకితే ఇంకా లోతవుతుంది, మళ్లీ చెరువే. గీకిన మట్టి గట్టున ఎండితే అక్కడ కుళ్లుతుంది. చేయాలనుకుంటే ముందు మట్టాలు కొలవండి, తీసిన మట్టిని కాలువల్లోనే కూరి నీటి కింద ఉంచండి.