గీతలు నిండా ఉన్నా నెట్ ఎందుకు రాదు?

శ్రీకాకుళం జిల్లా మందస కొండల పక్క ఊళ్లలో ఈ మాట తరచూ వినిపిస్తుంది: "సిగ్నల్ నిండా చూపిస్తోంది బాబూ, ఫోటో మాత్రం వెళ్లట్లేదు." ఫోన్ పాడైందనుకుని అప్పు చేసి కొత్తది కొనేవాళ్లూ ఉన్నారు. ఆగండి, చాలాసార్లు తప్పు ఫోన్‌ది కాదు.

[తెర మీద: టవర్, ఫోన్, మధ్యలో రెండు బాణాలు. కిందికి వచ్చేది లావుగా, పైకి వెళ్లేది సన్నగా]

ఆ గీతలు చెప్పేది ఒక్కటే, టవర్ నుంచి వచ్చే తరంగం మీ ఫోన్‌కి ఎంత బలంగా తగులుతోందో. టవర్ పదుల వాట్లతో పంపిస్తే మన ఫోన్ తిరిగి పంపేది సుమారు 0.2 వాట్లతోనే, మధ్యలో కొండ అడ్డొస్తే అదీ సగంలోనే ఆగిపోతుంది. అందుకే వచ్చేవి వస్తాయి, పంపేవి వెళ్లవు. టవర్‌ని అందుకోవడానికి ఫోన్ గట్టిగా ప్రయత్నిస్తూనే ఉంటుంది కాబట్టి ఛార్జింగ్ కూడా తొందరగా అయిపోతుంది.

ఇది వీడియోలు చూసుకునే సరదా విషయం అయితే నేను ఇంతగా చెప్పను. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిచోట హాజరు ఎన్‌ఎంఎంఎస్ అనే ప్రభుత్వ యాప్‌లోనే వేయాలని తప్పనిసరి చేశారు, రోజుకి రెండు ఫోటోలు. అప్పుడే తీసి, సిగ్నల్ అందే చోటికి వెళ్లాక పంపొచ్చు, నిజమే. కానీ ఎండలో మట్టి పని చేసినవాళ్ల కూలి, పని చూసుకునే మేట్ ఎక్కడో గట్టెక్కి పంపే ఫోటో మీద ఆధారపడటం నాకు అస్సలు న్యాయంగా అనిపించదు.

ఇంకో కారణం టవర్ వెనకాల ఉంటుంది. టవర్‌కి వచ్చిన డేటా అక్కడి నుంచి ఫైబర్ తీగలోనో, టవర్ మీద కనిపించే గుండ్రటి డిష్‌ల ద్వారానో బయటికి పోవాలి. ఆ దారి ఇరుకైతే గీతలు నిండా ఉన్నా చక్రం తిరుగుతూనే ఉంటుంది. సంక్రాంతికి చూడండి, హైదరాబాద్, చెన్నై వలస వెళ్లినవాళ్లంతా ఊరికి వచ్చాక నెట్ ఎలా ఉంటుందో.

ఇక కరెంటు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలతో పాటు కరెంటు స్తంభాలూ కూలిపోయాయి. కరెంటు లేకపోతే టవర్ బ్యాటరీ మీద కొన్ని గంటలే నడుస్తుంది, ఆ తర్వాత డీజిల్ కావాలి, రోడ్డు మీద చెట్లు పడి ఉంటే డీజిల్ ఎలా వస్తుంది?

కవరేజీ లేని 24,680 ఊళ్లకి 4జీ ఇవ్వడానికి కేంద్ర కేబినెట్ 2022 జులైలో 26,316 కోట్లు ఆమోదించింది. మంచి పనే, కానీ ఆ టవర్ వెనక దారీ, కరెంటూ సరిగ్గా ఉంటేనే అది టవర్.

మీరు చేయగలిగింది: రేకుల ఇంట్లోంచి బయటికి వచ్చి ప్రయత్నించండి, రేకు సిగ్నల్‌ని బాగా ఆపుతుంది. సిమ్ మార్చే ముందు ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో కవరేజీ మ్యాప్ చూడండి, అది పెట్టాలని 2024లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన తెచ్చింది. అప్పటికీ కుదరకపోతే 198కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టండి, వాళ్లిచ్చే ఫిర్యాదు నంబర్ తప్పకుండా రాసుకోండి. ఊళ్లో పదిమందీ విడివిడిగా పెడితే ఇంకా మంచిది.