నీడ కర్ర దాటిన రోజు

(విశాఖపట్నంలో ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

తరగతి గదిలో సృజనాత్మక ప్రాజెక్టుల గురించి మాట్లాడమన్నారు. ప్రాజెక్టు అనగానే నాకు ముందు గుర్తొచ్చేది థర్మాకోల్. ఆ తర్వాత మెరుపు కాగితాలు, జిగురు మరకలు, ఆదివారం రాత్రి పదకొండింటికి నిద్ర ఆపుకుంటూ అగ్నిపర్వతం కడుతున్న ఒక తల్లి. సోమవారం ఆ అగ్నిపర్వతానికి పదికి పది వేసేది మనమే. ఆ మార్కులు ఎవరికి వేశామో కూడా మనకు తెలుసు.

మాది భీమిలి వైపు, సముద్రపు హోరు వినిపించేంత దూరంలో ఉన్న చిన్న బడి. 34 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లం. విద్యా హక్కు చట్టం లెక్కలో 60 మంది పిల్లల వరకు ఇద్దరే కాబట్టి ఫిర్యాదు చేసుకునే వీలు కూడా లేదు. రెండు గదుల్లో ఐదు తరగతులు. ఒకరికి పాఠం చెబుతుంటే మిగిలినవాళ్లకు చేతినిండా పని ఉండాలి. ఉన్న మాట చెప్పాలంటే మా బడిలో ప్రాజెక్టులు పుట్టింది అల్లరి తగ్గించడానికే. పిల్లలు పనులు చేస్తూ, వెతుక్కుంటూ, కనుక్కుంటూ నేర్చుకోవాలని అదే చట్టం 29వ సెక్షన్ చెబుతుందని నేను తర్వాతెప్పుడో చదివాను.

రెండే షరతులు పెట్టుకున్నాం. ఏదీ కొనకూడదు, ఏదీ ఇంటికి పంపకూడదు.

మా పిల్లల్లో ఎక్కువమంది మత్స్యకార కుటుంబాలవాళ్లు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఇంజను పడవలకు వేట నిషేధం. జూన్‌లో బడి తెరిచేసరికి అది ఇంకా ముగియదు. ఇళ్ల దగ్గర నాన్నలు వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. అందుకని మొదటి లెక్కగా అదే ఇచ్చాను: నిషేధం మొత్తం ఎన్ని రోజులు? తీసివేత బాగా వచ్చిన పిల్లలు ఏప్రిల్‌లో 15, మేలో 31, జూన్‌లో 14, మొత్తం 60 అన్నారు. తీసివేత సరిగా రాని పిల్లలు క్యాలెండరు మీద వేలు పెట్టి ఒక్కొక్క గడీ లెక్కపెట్టి 61 అన్నారు. నేను మొదటివాళ్ల వైపు తల ఊపబోతుండగా వెనక నుంచి ఒక కుర్రాడు లేచాడు. "పదిహేనో తారీఖున కూడా మా నాన్న వేటకు వెళ్లలేదు మాస్టారూ. ఆ రోజును ఎందుకు వదిలేశారు?"

61 సరైన జవాబు. ముప్పైలోంచి పదిహేను తీసేసినప్పుడు పదిహేనో తారీఖు కూడా దాంతోపాటే పోతుందన్న సంగతి ఏ పాఠ్యపుస్తకమూ నాకు అంత స్పష్టంగా చెప్పలేదు. వాళ్లమ్మ చేపలు వాటాలు వేసి అమ్ముతుంది. వంజరం కిలో ఎంత, నెత్తళ్ల వాటా ఎంత, మిగిలిన చిల్లర ఎంత అన్నది ఆ కుర్రాడు నోటితో టకటకా చెబుతాడు. అదే లెక్క పలక మీద వేయమంటే బిగుసుకుపోతాడు. ఈ రెండింటి మధ్య దారి వేయడం మా పని, ఇంకా పూర్తి కాలేదు.

ఆకులతో, పసుపుతో రంగులు తీయడం కూడా చేశాం. ఏటికొప్పాక బొమ్మల్లాంటి రంగు వస్తుందనుకున్నాం. చొక్కాలకు మాత్రం బాగా అంటింది. దాని గురించి ఇంతకంటే చెప్పను.

ఇక నీడ సంగతి. మా ఆవరణలో మీటరు పొడవున్న కర్ర ఒకటి నిటారుగా పాతాం. రోజూ మధ్యాహ్నం 12 గంటలకు, భోజనానికి ముందు, దాని నీడ కొసన రెండో తరగతివాళ్లు గులకరాయి పెడతారు. మూడు, నాలుగు తరగతులవాళ్లు కొలిచి పుస్తకంలో రాస్తారు. ఐదో తరగతివాళ్లు గళ్ల కాగితం మీద గీత గీస్తారు. ఒకటో తరగతివాళ్లు రాయి కదలకుండా కాపలా కాస్తారు. ఆ ఉద్యోగానికే పోటీ ఎక్కువ.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, అప్పుడు నీడ పడదు అని ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. జూన్‌లో మా కర్రకు మధ్యాహ్నం పది సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా నీడ పడింది. అదీ దక్షిణం వైపు. కర్ర వంకరగా పాతారని పిల్లలను కేకలేశాను. దారానికి రాయి కట్టి వేలాడదీసి చూశాం. కర్ర తిన్నగానే ఉంది.

విశాఖ దాదాపు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, కర్కటరేఖకు దిగువన ఉంది. సూర్యుడు మన నడినెత్తికి సరిగ్గా వచ్చేది ఏడాదికి రెండే సార్లు: మే రెండో వారం ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మొదటి రోజుల్లో మరోసారి. ఆ మధ్య కాలంలో మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణాన పడుతుంది. మేలో బడికి సెలవులు. కాబట్టి ఆగస్టు కోసం ఎదురుచూశాం.

జులై చివర్లో మబ్బు పట్టింది, వదలలేదు. పుస్తకంలో ఆ రోజుల పక్కన ఏం రాయాలని అడిగితే, "ఎండ లేదు అని రాయండి, అంకె ఊహించి వేయొద్దు" అన్నాను. మళ్లీ ఎండ వచ్చిన రోజు నీడ ఉత్తరం వైపు ఉంది. నాలుగో తరగతి అమ్మాయి కర్ర చుట్టూ రెండుసార్లు తిరిగింది. "మనం చూడనప్పుడు దాటేసింది" అంది. సూర్యుడి మీద కోపం వచ్చినట్టుంది, ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

డిసెంబరు నాలుగో వారానికి నీడ 87 సెంటీమీటర్లకు పెరిగింది. ఐదో తరగతివాళ్ల గీత కాగితం దాటిపోతే ఇంకో కాగితం అతికించారు. ఆ రెండు కాగితాలూ మా గోడ మీదే ఉన్నాయి. జులై, ఆగస్టు మధ్యలో ఒక ఖాళీ ఉంటుంది. వచ్చిన అధికారులు మొదట వేలు పెట్టి చూపించేది దాన్నే.

ఆ అమ్మాయి ఈ ఏడు ఐదో తరగతికి వచ్చింది. నీడ పుస్తకం మొదటి పేజీలో, ఎవరూ అడగకుండానే, ఇలా రాసిపెట్టింది: "ఆగస్టు మొదట్లో మబ్బు ఉన్నా సరే, అన్నం గంట కొట్టినా సరే, ఒకరు కర్ర దగ్గరే ఉండాలి."