ఓడలో బాల్కనీకి లక్ష రూపాయలు

హాయ్ అండీ. ఈ వీడియో మా పిన్ని కోసం. వచ్చే ఎండాకాలం బాబాయ్‌తో కలిసి నా దగ్గరికి వస్తోంది, అలాస్కా క్రూయిజ్, అంటే ఓడ విహారం, చేయాలట. "ఏ గది తీసుకోవాలో వీడియోలో వివరంగా చెప్పవే, ఫోన్లో చెబితే మర్చిపోతాను" అంది. బాబాయ్, స్పీడు పెంచి చూడకు.

నేనూ అమ్మా ఆ విహారానికే వెళ్లొచ్చాం. అమెరికాలోని సియాటిల్‌లో ఎక్కి మళ్లీ సియాటిల్‌లోనే దిగాం. ఏడు రాత్రులు. అన్నిటికంటే చవక లోపలి గది. దానికి కిటికీ ఉండదు, లైటు తీసేస్తే పగలో రాత్రో తెలియదు. తర్వాత అద్దం కిటికీ గది, ఆ పైన బాల్కనీ. మేము బుక్ చేసిన రోజు లోపలి గది మనిషికి 900 డాలర్లు, బాల్కనీ గది 1500. ఇద్దరికీ కలిపి తేడా 1200. డాలరు 85 రూపాయలు వేసుకున్నా లక్షా రెండు వేలు. లెక్కల్లో అమ్మ నాకంటే ఫాస్టు. "గాలి పీల్చుకోవడానికి లక్ష రూపాయలా? పైన డెక్కు మీద ఊరికే వస్తుందిగా!" అంది. నిజమే. కానీ చలిలో, ఆ జనం మధ్య అమ్మను నిలబెట్టబుద్ధి కాలేదు. పైగా అమ్మ నా దగ్గరికి రావడానికి ఐదేళ్లు పట్టింది. ఈ ఒక్కసారికి లెక్క చూసుకోదలచుకోలేదు.

సరే, అసలు విషయం. బుకింగ్‌లో "గ్యారంటీ" అని ఒక చవక రేటు కనిపిస్తుంది. పేరు చూసి మోసపోకు పిన్నీ. బాల్కనీ ఉన్న గది ఇస్తారు, అంతవరకే గ్యారంటీ. ఏ గది అన్నది వాళ్ల ఇష్టం. "అబ్‌స్ట్రక్టెడ్ వ్యూ" అని ఇంకొకటి ఉంటుంది. బాల్కనీలో నిలబడితే ఎదురుగా లైఫ్‌బోటు నెత్తి కనబడుతుంది. అందుకే నేను గది నంబరు చూసుకునే తీసుకున్నాను.

డెక్ ప్లాన్, అంటే ఓడ అంతస్తుల పటం, తెరిచి మన గది పైనా కిందా ఏముందో చూడాలి. పైన స్విమ్మింగ్ పూల్ ఉంటే తెల్లవారకముందే కుర్చీలు ఈడుస్తారు. కింద థియేటర్ ఉంటే అర్ధరాత్రి దాకా డప్పులే. పైనా గదులే, కిందా గదులే ఉన్న అంతస్తు మేలు. ముందు వైపు గదులకు ఊపు ఎక్కువ, వెనక చివర ఇంజను అదురు తెలుస్తుంది. మధ్యలో, కాస్త కింది అంతస్తులో ఊపు తక్కువ. అమ్మకు బస్సెక్కితేనే కడుపులో తిప్పుతుంది కాబట్టి అదే తీసుకున్నా. పక్క గదికి మధ్యలో తలుపున్న గది మాత్రం వద్దు. వాళ్ల టీవీ కూడా మనమే వినాలి.

రేటు కూడా గదికి ఇద్దరుంటారనే లెక్కతో వేస్తారు. ఒక్కరే వెళ్తే రెండో మనిషి డబ్బు కూడా ఇంచుమించు మనమే కట్టాలి. నేను ఇన్నాళ్లూ క్రూయిజ్ ఎక్కకపోవడానికి అదొక కారణం.

అన్నట్టు, వీసా! 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం, విదేశీ జెండా ఉన్న ఓడ, అంటే వేరే దేశంలో రిజిస్టరైన ఓడ, ఇలా అమెరికాలో ఎక్కించి అక్కడే దించే ట్రిప్పులో మధ్యలో ఇంకో దేశపు రేవులో ఆగాలి. మాది కెనడాలోని విక్టోరియాలో ఒక సాయంత్రం ఆగింది. ఆ ఒక్క సాయంత్రానికి, ఇండియా పాస్‌పోర్టు ఉండి, అమెరికా గ్రీన్‌కార్డు లేనివాళ్లకు కెనడా వీసా కావాలి. వేలిముద్రలతో కలిపి మనిషికి 185 కెనడా డాలర్లు. ఇద్దరికీ దాదాపు 23 వేల రూపాయలు. తీరా ఆ సాయంత్రం వాన. అమ్మ ఓడ దిగనంది.

ఇప్పుడు చీర గొడవ. రెండో రోజే అమ్మ చీర ఉతికేసింది. ఓడలో లాండ్రీ ఉంది, కానీ రేట్ల కాగితంలో చొక్కా, ప్యాంటు, డ్రెస్సు ఉన్నాయి, చీర లేదు. నేను స్నానం చేసి వచ్చేసరికి బాల్కనీ రెయిలింగు మీద నీలం చీర రెపరెపలాడుతోంది! ఓడలో బాల్కనీ మీద ఏదీ ఆరేయకూడదు. గది సర్దే అబ్బాయి వచ్చి, నవ్వుతూనే తీయించాడు. బాత్రూంలో గోడకున్న గుండ్రటి స్టీలు డబ్బీ చూపించాడు. అందులోంచి సన్నటి తాడు లాగి ఎదుటి గోడ కొక్కేనికి తగిలించాలి. మూడడుగుల తాడు మీద ఐదున్నర మీటర్ల చీర! ఎనిమిది మడతలతో అది ఆరేసరికి రెండు రోజులు పట్టింది. "బాల్కనీ అంటే ఇంకెందుకే మరి?" అంటుంది అమ్మ.

ఎందుకో అలాస్కాలోని గ్లేసియర్ బేలో తెలిసింది. అక్కడి మార్జరీ గ్లేసియర్, అంటే మంచు నది, నీటి పైకి దాదాపు 250 అడుగులు ఉంటుంది, వెడల్పు సుమారు మైలు. ఓడను దాని ముందు మెల్లగా తిప్పారు. కాబట్టి కుడి గదా, ఎడమ గదా అని నేను రెండు వారాలు బుర్ర బద్దలుకొట్టుకున్నది దండగ. శాలువా కప్పుకుని కూర్చుంది అమ్మ. మంచు పెళ్ల ఒకటి విరిగి నీళ్లలో పడింది, చప్పుడు లేదు. అది పడిపోయాక వచ్చింది ఉరిమినట్టు శబ్దం. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఇదిగో, కెమెరా ఊగింది అందుకే.

ఆ రాత్రి పది దాటినా వెలుతురుంది. రెండు కుర్చీలు, మధ్యలో ఒక బుల్లి టేబుల్. "మీ ఇంట్లో కూడా బాల్కనీ ఉందిగా, అందులో ఎప్పుడైనా కూర్చున్నావా?" అని అడిగింది అమ్మ. దానికీ కలిపే నెలనెలా అద్దె కడుతున్నాను. అందులో ఖాళీ అట్టపెట్టెలు, గాలి పోయిన సైకిలు ఉన్నాయి. ఒక్కదాన్నే కూర్చుని ఏం చేస్తానని అనలేదు. చలేస్తోంది, లోపలికి పద అన్నాను.

ఇంటికొచ్చిన మర్నాడు నేను నిద్ర లేచేసరికి అట్టపెట్టెలన్నీ హాల్లో ఉన్నాయి. బాల్కనీలో రెండు మడత కుర్చీలు, రెయిలింగు మీద ఆ నీలం చీర. బట్టలు బయట ఆరేయకూడదని మా అపార్ట్‌మెంట్ అగ్రిమెంటులోనూ ఉంది. అమ్మకు ఇంకా చెప్పలేదు.