ముబారక్ బిన్ లండన్

శ్రోతలకు నమస్కారం.

కడుపునిండా తిని కుర్చీలో కూర్చుని రేడియో వినడం కంటే, ఈ ఇసుకలో ఆకలితో పడి ఉండడమే నయం అనుకున్న మనిషి గురించి ఇవాళ రేడియోలో మాట్లాడబోతున్నాను. కుర్చీలో కూర్చుని వింటున్నవాళ్లు ఏమీ అనుకోకండి.

ఆయన అలా అనుకున్నది 1946 డిసెంబరులో. అరేబియా ఎడారిలో, లివా ఒయాసిస్సుకు కొంత దూరంలో తిండి అయిపోయింది. కొందరు సహచరులు ఏమైనా దొరుకుతుందేమోనని ఊళ్లవైపు వెళ్లారు. ఈయన మూడు రోజులు ఇసుకలో పడుకుని వాళ్ల కోసం ఎదురుచూశాడు. ఏ లారీయో వచ్చి ఎక్కించుకుపోతే బాగుండునని ఒకపక్క కలలు కంటూనే, వద్దు, ఇదే బాగుంది అని తనకు తానే చెప్పుకున్నాడు. ఆయన పేరు విల్‌ఫ్రెడ్ థెసిజర్, ఎడారులు పట్టుకుని తిరిగిన ఆంగ్లేయుడు. ఎడారి మనుషులు పెట్టిన పేరు ముబారక్ బిన్ లండన్, అంటే లండన్ కొడుకు ముబారక్.

నేను ఆయనను చూడలేదు. 2003 ఆగస్టులో, 93 ఏళ్ల వయసులో ఆయన ఇంగ్లండులో పోయారు. అప్పుడు నేను ఎమిరేట్స్‌లోని అల్ ఐన్ ఊళ్లో ఒక గోదాములో స్టోర్‌కీపర్‌ని. మా జగిత్యాల వైపు గల్ఫులో ఎక్కడికి పోయినా దుబాయి పోయాడనే అంటారు కాబట్టి, నేనూ దుబాయి పోయినవాణ్ణే. అల్ ఐన్‌లో అల్ జాహిలీ అని ఒక మట్టికోట ఉంది. 1890ల్లో కట్టింది. గోడలు మందంగా ఉంటాయి, లోపల చల్లగా ఉంటుంది. సెలవు రోజున ఎండ తప్పించుకోవడానికి వెళ్లాను తప్ప చరిత్ర మీద ప్రేమతో కాదు. నేనక్కడున్న రోజుల్లోనే ఆ కోటలో థెసిజర్ తీసిన ఫోటోలు శాశ్వతంగా పెట్టారు. అన్నీ నలుపు తెలుపు. వాటిలో పొడుగాటి జుట్టుతో, భుజాన తుపాకితో ఒక కుర్రవాడు. మా ఊళ్లో గొర్లు కాసే పిల్లల్లాగే ఎండకు కళ్లు చికిలించి చూస్తున్నాడు. పేరు సలీం బిన్ కబీనా.

ఆ పిల్లవాడి కోసమే పుస్తకం సంపాదించి, పక్కన నిఘంటువు పెట్టుకుని చదివాను. ‘అరేబియన్ శాండ్స్’ అనే ఆ పుస్తకం 1959లో వచ్చింది. అప్పటినుంచీ థెసిజర్‌ను స్నేహితుడనే అనుకుంటాను. స్నేహితుడన్నంత మాత్రాన అన్ని మాటలూ ఒప్పుకోవాలని లేదు కదా.

ఆయన పుట్టింది 1910లో, ఇథియోపియా రాజధాని ఆడిస్ అబాబాలో. తండ్రి అక్కడ బ్రిటిష్ రాయబారి. పెదనాన్న మన దేశానికి వైస్రాయి. మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలని బళ్లో చదువుకున్నామే, ఆ చెమ్స్‌ఫర్డే. అంత పెద్దింటి బిడ్డ ఒంటె మీద, చెప్పుల్లేకుండా, ఎడారి మనుషుల బట్టలతో ఎందుకు తిరిగాడంటే, బయటికి చెప్పిన కారణం మిడతలు.

నిజంగానే మిడతలు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, మిడతల దండు ఎక్కడ పుడుతుందో కనిపెట్టి, పుట్టినచోటే చంపాలని బ్రిటిష్‌వాళ్లు ఒక సంస్థ పెట్టారు. అరేబియా దక్షిణాన ఉన్న పెద్ద ఎడారిలో వాన ఎక్కడ పడుతుంది, పచ్చిక ఎక్కడ మొలుస్తుంది చూసి రావడానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది. థెసిజర్ ఎగిరి గంతేశాడు. మిడతల మీద తనకేమీ ఆసక్తి లేదని, ఆ ఎడారిలో కాలు పెట్టడానికి అవి దొరికిన తాళంచెవి మాత్రమేనని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. కానీ పని పనికిమాలింది కాదు. 2018లో రెండు తుపానులు అదే ఎడారిలో వాన కురిపిస్తే, ఎవరూ చూడని ఆ చోట మిడతలు పెరిగి పెరిగి, 2020 నాటికి రాజస్థాన్ దాటి విదర్భ దాకా వచ్చాయి. మన సరిహద్దు జిల్లాల్లో రైతులను అప్రమత్తం చేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. డప్పులు సిద్ధం చేసుకోమన్నారు.

ఆ ఎడారి పేరు రుబ్ అల్ ఖాలీ. రుబ్ అంటే పావు భాగం. ఖాలీ అంటే మనం రోజూ వాడే ఖాళీయే, ఆ మాట అరబ్బీ నుంచే మనకు వచ్చింది. ఖాళీగా ఉన్న పావు. సుమారు 6,50,000 చదరపు కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా అందులో సగం రావు. ఆయన కంటే ముందు బెర్‌ట్రామ్ థామస్, ఫిల్బీ అనే ఇద్దరు ఆంగ్లేయులు దాన్ని దాటారు. థెసిజర్ రెండుసార్లు దాటాడు. రెండోసారి దారిలో 16 రోజులపాటు బావి అన్నది తగల్లేదు. తోలుతిత్తుల్లో తెచ్చుకున్న నీళ్లే మనుషులకు.

మొదటిసారి దాటినప్పుడు చివరిదాకా ఆయనతో నిలిచినవాళ్లు నలుగురు. దారి తెలిసినవాడు ముహమ్మద్ అల్ ఔఫ్. ఈ అల్ ఔఫ్ గురించి ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఒకచోట నేల మీద ఒంటెల అడుగుజాడలు కనిపించాయి. గాలికి సగం చెరిగిపోయి ఉన్నాయి. అల్ ఔఫ్ వాటి వెంట కొంచెం దూరం నడిచి, ఒంటె పెంటికలను వేళ్లతో చిదిమి చూసి వచ్చాడు. అవామిర్ తెగవాళ్లు, ఆరుగురు, దక్షిణ తీరంలో జునూబా తెగ మీద పడి మూడు ఒంటెలను తోలుకొచ్చారు, ముగ్షిన్ దగ్గర నీళ్లు తాపారు, పది రోజుల కిందట ఇటు వెళ్లారు అన్నాడు.

మంత్రం కాదు. ఇసుకలో పెరిగిన ఒంటె అరికాలికి చర్మం పీలికలుగా వేలాడుతుంది, గులకరాళ్ల నేలలో పెరిగినదానికి కాలు అరిగి నున్నగా ఉంటుంది. పెంటికలు చూస్తే ఏ మేత తిన్నదో తెలుస్తుంది, మేతను బట్టి ఎక్కడ తిన్నదో, ఆఖరుసారి నీళ్లు ఎప్పుడు తాగిందో తెలుస్తుంది. ఏ తెగకూ ఏ తెగకూ పడదో ముందే తెలుసు. మిగిలింది లెక్క కట్టడమే. గోదాములో పదకొండేళ్లు స్టాకు రిజిస్టరు రాసినవాణ్ణి, ఈ లెక్క ముందు నాది ఏపాటిది!

ఆ ప్రయాణంలోనే ఒకరోజు కుందేలు దొరికింది. ఎన్నో రోజులుగా మాంసం లేదు. వండుతుంటే ఆ వాసనకే అందరికీ ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా కూర ఉడికే వేళకు ఎవరో ముగ్గురు వస్తున్నారు. అతిథులు! వీళ్లు ఎదురెళ్లి, కూర్చోబెట్టి, కుందేలు మొత్తం వాళ్ల ముందు పెట్టి, తినండి తినండి అని బలవంతం చేశారు. మంచి రోజున వచ్చారని కూడా అన్నారు. థెసిజర్ కూడా మర్యాదగా అదే అన్నాడు. లోపల మాత్రం ఆ వచ్చినవాళ్లను చంపేయాలన్నంత కోపం వచ్చిందట. ఈ ఒక్క ముక్క దాచకుండా రాసినందుకే నేను ఆయనను నమ్ముతాను.

ఇక బిన్ కబీనా. ఆయన దగ్గర చేరినప్పుడు సుమారు పదహారేళ్లవాడు. ఒకసారి మొలకు గుడ్డ లేకుండా, ఒక్క చొక్కాతో కనిపించాడు. గుడ్డ ఏదిరా అంటే, ఎవరో అడిగితే ఇచ్చేశానన్నాడు. మరోసారి చింపిరి బట్టల ముసలాయన ఎదురైతే అందరూ లేచి గౌరవించారు. ఈయన దేనికి పేరు పొందాడని థెసిజర్ అడిగితే, దాతృత్వానికి అన్నాడు బిన్ కబీనా. ఇవ్వడానికి ఆయన దగ్గర ఏముందంటే, ఇప్పుడేమీ లేదు, ఒకప్పుడు తెగలో గొప్ప ధనవంతుడు, గుడారానికి ఎవరొచ్చినా ఒంటెను కోసి పెట్టి పెట్టి ఇలా అయిపోయాడు అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు కుర్రవాడి గొంతులో జాలి లేదు. అసూయ ఉంది.

ఇంతదాకా ఆయనతో నాకు పేచీ లేదు. ఇక్కణ్ణుంచి ఉంది.

ఎడారిని కారు పాడుచేసిందని, చమురు పాడుచేసిందని ఆయన బాధ. 1948లో ఆయన చూసిన అబూధాబీ, సముద్రం ఒడ్డున కోట చుట్టూ రెండు వేలమంది ఉండే ఊరు. అక్కడినుంచి 1962లో చమురు ఓడ ఎక్కింది, ఒమాన్ నుంచి 1967లో. 1977లో ఆయన తిరిగి వెళితే బిన్ కబీనా, అతనిలాగే ఎడారిలో తోడు తిరిగిన స్నేహితుడు బిన్ గబైషా కలిశారు. వయసు మళ్లింది, కొడుకులు ఎదిగారు. ఒంటెల బదులు బండ్లు వచ్చాయి. తను ప్రేమించినది పోయిందని థెసిజర్ కుమిలిపోయాడు. అబూధాబీని చూసి పీడకల అన్నాడు. చాలా ఏళ్ల తరవాత మెత్తబడ్డాడనుకోండి.

ఆ చమురు లేకపోతే నేనక్కడ ఉండేవాణ్ణి కాదు. మా చెల్లి పెళ్లి అయ్యేది కాదు. అది నా స్వార్థం, పక్కన పెడదాం. మా చిన్నప్పుడు ఎండాకాలం వాగు ఎండిపోతే అమ్మ ఇసుకలో చెలమ తవ్వి, ఊరే నీళ్లను గిన్నెతో ముంచి బిందె నింపేది. ఒక్కో బిందెకు గంట. తర్వాత బోరు పడింది, మోటారు వచ్చింది. చెలమ పోయిందని మా అమ్మ ఏడవలేదు. ఫోటో తీసేవాడు ఎవరైనా ఉండి ఉంటే అతను ఏడ్చేవాడేమో. థెసిజర్‌కు విసుగు పుడితే ఎక్కి వెళ్లడానికి విమానం ఉంది, బిన్ కబీనాకు ఎడారే ఉంది. బండి కొన్నాడంటే తప్పేముంది?

అయితే ఇదీ చెప్పాలి. ఆయన అసలు పుస్తకం రాయాలనుకోలేదు. ప్రచురణకర్తలు వెంటపడితే తప్ప కూర్చోలేదు. రాసిన తర్వాత దాన్ని అంకితం ఇచ్చింది ఏ దొరకూ కాదు, చదవడం రాని ఆ ఇద్దరు కుర్రవాళ్లకు. ఆయన తీసిన 38,000 ఫోటోల నెగెటివ్‌లు ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియంలో ఉన్నాయి. వాగు ఇసుకలో వంగి ఉన్న మా అమ్మ ఫోటో ఒక్కటి కూడా నా దగ్గర లేదు. కాబట్టి పేచీలో నేను గెలిచానని అనుకోవడం లేదు.

1950లో ఆయన ఎడారి వదిలి వచ్చేశాడు. విమానం షార్జా మీదుగా లేచి సముద్రం వైపు తిరిగినప్పుడు, సొంత ఇంటికి పోతున్న ఆ మనిషికి దేశబహిష్కారం చేసినట్టు అనిపించిందట. నాకు మాత్రం అంతకు కొంతసేపటి ముందు జరిగింది గుర్తుంటుంది. పొద్దున తిండి అయ్యాక లారీ వచ్చింది. ముగ్గురూ ఒకరినొకరు వాటేసుకున్నారు. క్షేమంగా వెళ్లండని ఆయన, దేవుడు నిన్ను కాపాడాలని వాళ్లు. బిన్ కబీనా, బిన్ గబైషా ఎక్కి, నూనె మరకల బట్టల్లో ఉన్న ఒక పాలస్తీనా శరణార్థి పక్కన కూర్చున్నారు. కూర్చున్నది పెట్రోలు పీపాల మీద. లారీ మలుపు తిరిగింది.