ఆ దురద రొయ్యది కాదు, గ్లవ్స్‌ది

శ్రోతలందరికీ నమస్కారం.

మా మేనత్త కూతురు నెల్లూరు దగ్గర ఒక రొయ్యల కంపెనీలో పనిచేస్తుంది. తెల్లారకముందే కంపెనీ బస్సు ఎక్కాలి, ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీయాలి, పొట్టు వలవాలి, మళ్లీ చీకటి పడేవేళకి ఇల్లు. రెండేళ్ల కిందట ఆ పిల్ల చేతులు మణికట్టు దాకా ఎర్రగా పొక్కి పగిలిపోయాయి, రాత్రిళ్లు దురదకి నిద్ర లేదు. ఇంట్లో అందరిదీ ఒకటే మాట, "నీకు రొయ్య పడలేదమ్మే" అని. మా అత్తయ్య వేపాకు, పసుపు నూరి కట్టింది. చివరికి చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన చేతులు తిప్పి చూసి, పొక్కులు సరిగ్గా గ్లవ్స్ అంచు ఉండే చోట గీత గీసినట్టు ఆగిపోవడం మాకు చూపించి, ఇది రొయ్య పని కాదు, మీరు తొడుక్కునేదాని పని అన్నాడు.

నాకు ఆశ్చర్యం వేసింది. చెయ్యిని కాపాడడానికి ఇచ్చిందే చెయ్యిని తినేస్తుందా? తర్వాత తెలిసింది ఏందంటే, అసలు ఆపరేషన్లలో రబ్బరు గ్లవ్స్ వాడకం మొదలైందే ఒక నర్సు చేతుల దురద వల్ల. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో 1889-90 ప్రాంతంలో విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్ ఉండేవాడు. ఆయన దగ్గర ఆపరేషన్లలో సాయం చేసే నర్సు కెరోలిన్ హాంప్టన్‌కి పాదరసం కలిసిన క్రిమినాశిని మందు తగిలి చేతులు పాడయ్యాయి. ఆమె ఉద్యోగం మానేస్తుందేమోనని ఆయన గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీ వాళ్ల చేత పల్చని రబ్బరు గ్లవ్స్ చేయించాడు. గ్లవ్స్ వేసుకుంటే రోగికి చీము పట్టదన్న ఆలోచనతో కాదు, నర్సు చేతుల కోసమే. 1890లో ఇద్దరూ పెళ్లి కూడా చేసుకున్నారు లెండి.

సరే, గ్లవ్స్‌లో ఏముంది? రబ్బరు పాలు చెట్టు నుంచి వస్తాయి, కేరళ వెళ్లినవాళ్లు చెట్టుకి కొబ్బరి చిప్ప కట్టి పాలు పట్టడం చూసే ఉంటారు. ఆ పాలలో రబ్బరుతో పాటు చెట్టు తాలూకు ప్రొటీన్లు ఉంటాయి. గ్లవ్స్ చేసేటప్పుడు వేడినీళ్లలో బాగా కడగకపోతే ఆ ప్రొటీన్లు తొడుగులోనే ఉండిపోతాయి. పడనివాళ్లకి అవి తగిలిన నిమిషాల్లో దద్దుర్లు, కళ్ల నీళ్లు, ఆయాసం వస్తాయి, మరీ ఎక్కువైతే బీపీ పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. 1990 ప్రాంతంలో అమెరికాలో పేగుల ఎక్స్‌రే కోసం లోపలికి పెట్టే గొట్టం చివర ఉన్న రబ్బరు బెలూను వల్ల కొందరు చనిపోయారు కూడా. ఎయిడ్స్ భయంతో 1987 తర్వాత ఆసుపత్రుల్లో గ్లవ్స్ వాడకం ఒక్కసారిగా పెరిగింది, దాంతో పాటే ఈ ఎలర్జీ కూడా బయటపడింది. ఇంకో విచిత్రం, రబ్బరు పడనివాళ్లలో కొందరికి అరటిపండు, బొప్పాయి కూడా పడవు, ఎందుకంటే ఆ పండ్లలోనూ అలాంటి ప్రొటీన్లే ఉంటాయి. బెలూను ఊదితే పెదాలు దురద పెట్టే పిల్లలు మీ ఇంట్లో ఉంటే ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

దీనికి పౌడరు తోడు. గ్లవ్స్ తేలిగ్గా ఎక్కడానికి మొక్కజొన్న పిండి చల్లేవాళ్లు. ఆ పిండి ప్రొటీన్లని మోసుకుని గాల్లోకి లేస్తుంది, ఆపరేషన్ చేసే చోట కడుపులో పడితే లోపల గడ్డలు కట్టి పేగులు అతుక్కునేలా చేస్తుంది. అమెరికా 2017 జనవరి నుంచి పౌడర్ గ్లవ్స్‌ని నిషేధించింది. మొన్న మా వీధి మెడికల్ షాపులో అడిగితే మాత్రం "పౌడరుదా, పౌడరు లేందా?" అని తాపీగా రెండు డబ్బాలూ తీసి ముందు పెట్టాడు.

మళ్లీ మా పిల్ల దగ్గరికి వస్తాను. కంపెనీలో రబ్బరువి మాన్పించి నీలం రంగు నైట్రైల్ గ్లవ్స్ ఇచ్చారు. నైట్రైల్ అంటే పెట్రోలియం సరుకుతో చేసిన కృత్రిమ రబ్బరు, అందులో చెట్టు ప్రొటీన్ ఉండదు. అమ్మయ్య అనుకున్నాం. తగ్గలా! ఎందుకు తగ్గలేదో డాక్టరు చెప్పాక అర్థమైంది. రబ్బరు పాలు ఊరికే ఆరబెడితే జిగురుగా సాగిపోతాయి. గంధకం కలిపి ఉడికిస్తేనే గట్టి పడతాయి, ఆ ఉడకడం త్వరగా అవడానికి థయూరమ్‌లు, కార్బమేట్‌లు అనే రసాయనాలు కలుపుతారు, వీటిని యాక్సిలరేటర్లు అంటారు. నైట్రైల్‌లోనూ మామూలుగా ఇవే ఉంటాయి. ఇవి నిమిషాల్లో చంపే రకం కాదు, ఒకటి రెండు రోజులకి పొక్కించి నెలల తరబడి సతాయించే రకం. ఇప్పుడు ఈ యాక్సిలరేటర్లు లేకుండా చేసిన గ్లవ్స్ కూడా వస్తున్నాయి, ధర ఎక్కువ. అవి వాడడం మొదలుపెట్టాకే ఆ పిల్ల చేతులు మామూలయ్యాయి.

చెట్టు రబ్బరే కావాలి గానీ ఈ ప్రొటీన్లు వద్దు అంటే దారి లేదా? ఉంది, అది మన బీడు భూముల్లో పెరిగే వయ్యారిభామకి చుట్టం! మెక్సికో, టెక్సస్ ఎడారుల్లో గ్వాయూలే అనే పొద ఉంది, వయ్యారిభామ జాతిదే. దాని రబ్బరు పాలలో ప్రొటీన్ చాలా తక్కువ, ఉన్నది కూడా వేరే రకం, కాబట్టి మామూలు రబ్బరు పడనివాళ్లకి దాంతో ఇబ్బంది రాదు. కత్రీనా కోర్నిష్ అనే శాస్త్రవేత్త అమెరికా వ్యవసాయ శాఖలో ఉన్నప్పుడు దీని మీద చాలా పని చేశారు, 2008లో ఆ పాలతో చేసిన గ్లవ్స్‌కి అక్కడ అనుమతి వచ్చింది. కానీ గీత గీస్తే పాలు కారే చెట్టు కాదది, పొద మొత్తం నూరి పిండాలి, అందుకే నైట్రైల్ ధరతో పోటీ పడలేకపోతోంది. ఇది విని ఎవరూ ఉదయగిరి గట్టు మీద వయ్యారిభామ పీకడానికి వెళ్లకండి, దానికి చెయ్యి తగిలితేనే కొందరికి దద్దుర్లు.

ఇక ఒంట్లోకి వేసే గొట్టాల సంగతి. మా మామయ్యది కనిగిరి వైపు, ప్రోస్టేటు పెరిగి ఒంటేలు ఆగిపోతే మూత్రాశయంలోకి పైపు వేశారు. చివర చిన్న బెలూను ఉండే ఈ పైపు 1930ల్లో ఫ్రెడరిక్ ఫోలీ అనే డాక్టరు తెచ్చింది, ఇప్పటికీ ఆయన పేరే. మూడు వారాలకి ఆ పైపు మూసుకుపోయింది, తీసి చూస్తే లోపల తెల్లటి పెంకు. మా వైపు బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున కట్టే పెంకు లాగే ఉంది, మామయ్య అయితే నీళ్లదే తప్పని తేల్చేశాడు. నీళ్లకీ దానికీ సంబంధం లేదు. ప్రోటియస్ అనే బాక్టీరియా మూత్రంలోని యూరియాని విరగ్గొట్టి అమ్మోనియా చేస్తుంది, అప్పుడు మెగ్నీషియం, కాల్షియం ఫాస్ఫేట్లు స్ఫటికాలై పైపు గోడకి పట్టేస్తాయి. పైపు లోపల ఉన్న ప్రతి రోజుకీ 3 నుంచి 7 శాతం చొప్పున ఇన్ఫెక్షన్ ప్రమాదం ఉంటుందని వైద్యుల లెక్క.

కాబట్టి ఇక్కడ ప్రశ్న వేరే. గ్లవ్స్ విషయంలో వస్తువులోంచి ఏం బయటికి వస్తుందన్నది భయం, పైపు విషయంలో దాని మీద ఏం వచ్చి కూర్చుంటుందన్నది భయం. పీవీసీ గొట్టాలకి మొదటి భయమూ ఉంది. వాటిని మెత్తగా చేయడానికి డీఈహెచ్‌పీ అనే నూనె లాంటి రసాయనం కలుపుతారు, అది మెల్లగా రక్తంలోకి, సెలైన్‌లోకి దిగుతుంది, నెలలు నిండకుండా పుట్టిన మగపిల్లల విషయంలో జాగ్రత్త పడమని 2002లోనే అమెరికా హెచ్చరించింది. సిలికోన్ పైపులో ఆ బాధ లేదు, రబ్బరు ప్రొటీన్ లేదు, గోడ పల్చన కాబట్టి లోపలి దారి వెడల్పు, పెంకు పట్టి మూసుకోవడానికి కాస్త ఎక్కువ రోజులు పడుతుంది. అయినా పెంకు పట్టకుండా ఉండదు. వెండి పూత పూస్తే సూక్ష్మజీవులు చస్తాయని చాలా ఆశ పెట్టుకున్నారు, బ్రిటన్‌లో 7,000 మందికి పైగా రోగుల మీద చూస్తే కొద్ది రోజుల పాటు వేసే పైపుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2012లో తేలింది.

పైపు మీద సూక్ష్మజీవులు కూర్చోకుండా చేసే దారుల్లో నాకు బాగా నచ్చింది సొర చేప కథ. జువ్వలదిన్నె, కృష్ణపట్నం వైపు పడవలున్నవాళ్లకి తెలుసు, నాలుగు నెలలు నీళ్లలో ఉంటే పడవ అడుగున నాచు, గుల్లలు ఎలా పడతాయో. అమెరికా నౌకాదళానికీ అదే తలనొప్పి. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఆంథొనీ బ్రెనన్ అనే ఆయన దీని మీద ఆలోచిస్తూ, సొర ఒంటికి నాచు ఎందుకు పట్టదని చూశాడు. సొర పుట్టు చేసే ఆడవాళ్లని అడగండి, తోక నుంచి తల వైపు చెయ్యి రాస్తే ఉప్పు కాగితంలా గీరుకుంటుంది. ఆ గరుకులోని చిన్న చిన్న గీతల నమూనాని ఆయన ప్లాస్టిక్ మీద అచ్చు వేస్తే, మందూ మాకూ లేకుండానే బాక్టీరియా కుదురుగా కూర్చోలేకపోయింది. ఆ గీతల వెడల్పు 2 మైక్రాన్లు, వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం. ప్రయోగశాలలో పనిచేసింది నెలల తరబడి ఒంట్లో ఉన్నప్పుడు అంతే పనిచేస్తుందని నేను ఒప్పుకోను గానీ, దారి మాత్రం బాగుంది.

మీరు చేయాల్సింది చిన్నదే. రబ్బరు పడనివాళ్లు ఆపరేషన్‌కి, పంటి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ సంగతి ముందే చెప్పండి. ఇంట్లో పైపు ఉన్నవాళ్లు దాన్ని లాగకండి, లోపలి బెలూను నీళ్లు సిరంజితో తీశాకే అది బయటికి రావాలి. పైపు ఇంకా అవసరమా అని ప్రతిసారీ డాక్టర్ని అడగండి, ఆయన విసుక్కున్నా సరే.

మా పిల్ల ఇప్పటికీ రొయ్యలు వలుస్తూనే ఉంది. ఆ పొట్టులోంచి తీసే కైటోసాన్ గాయాల మీద రక్తం గడ్డకట్టించే పట్టీల్లో ఇప్పటికే వాడుతున్నారు, దాన్నే మూత్రం గొట్టాల మీద పూతగా వేసి చూస్తున్నారు. ఆ మాట చెబితే తను నమ్మలేదు. "ఈ కంపుదా? ఒంట్లోకా?" అని చేతులు వాసన చూసుకుని నవ్వింది.